జైలు గదిలో విన్న మాట

"ముట్టకు! ఆ గిన్నె ముట్టకు శివలీలా!"

పొయ్యి మీద ఎసరు పెట్టబోతున్న శివలీల చేతులు ఆగిపోయాయి. అత్తగారు లక్ష్మీదేవమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉంది. పెత్రమాస పొద్దు... పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, వాళ్ళ పేరున బియ్యం ఇచ్చే రోజు. ఆ వంట పెద్దకోడలు చేయడం ఆ ఇంటి ఆనవాయితీ. నిరుడు మరిది శ్రవణ్‌కు ఇష్టమని పుంటికూర మటన్ శివలీలే వండింది, కొంగుతో కళ్ళొత్తుకుంటూ... ఈ ఏడు అవే చేతులు పనికిరానివైపోయాయా!

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైందా? నిన్న బియ్యానికని మన ఊరు పెద్దమందడి పోయిన గదా, రేషన్ దుకాణం కాడ తిమ్మమ్మ నా కాళ్ళ మీద పడ్డది! నా శ్రవణ్‌ను చేను గెట్టు పంచాయితీల పారతోని కొట్టి చంపిన మాసయ్యగాని తల్లి! 'అక్కా, నీ పెద్దకోడలు దేవత. నా కొడుకు తిండి బంద్ చేసి సస్తనంటుంటే కూసోబెట్టి మాట్లాడి బతికించింది' అంటది! లైన్ల నిలవడ్డోళ్ళంత నా మొహమే చూసిరి. నేనేం జేసి బతకాలె?"

పిచ్చి తల్లి తిమ్మమ్మ! మంచిమాట చెబుతున్నాననుకుంది. ఆ మాట ఎవరి చెవిన పడకూడదో వారి కాళ్ళు పట్టుకునే చెప్పింది!

"చెప్పు. వాని పానం నువ్వు నిలవెట్టినవా?"

శివలీల తల వంచుకుంది. జైలు మానసిక వైద్య విభాగంలో ఆమె సీనియర్ సైకాలజిస్టు. ఎవరితో మాట్లాడిందో, ఏం విన్నదో ఇంటికి మోసుకురావడం ఆమెకు అలవాటు లేదు. "జైలు సంగతులు నేను ఇంట్ల మాట్లాడ అత్తమ్మా..." అంది మెల్లగా.

"అవ్! దొంగలకు, ఖూనీకోర్లకు నువ్వు అమ్మవు! మరి నా శ్రవణ్‌కు ఏమైతవు? పదో తరగతి కాడికెళ్ళి నీ చేతి బువ్వ తిని పెరిగినోనికి నువ్వు ఏమైతవు చెప్పు?"

ఆ ప్రశ్న గుండెలో దిగబడింది! ఏమవుతుంది? పిల్లల్లేని శివలీలకు శ్రవణ్ మరిదే కాదు. వనపర్తిలోని ఈ ఇంట్లోనే చదువుకున్నాడు, ఈ వంటింట్లోనే స్టీలు పళ్ళెం మోగిస్తూ 'ఆకలి, ఆకలి' అని గోల చేశాడు. వాడు పోయాక ఆమె ఎన్నిసార్లు స్నానాల గదిలో నల్లా విప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చిందో ఎవరికి తెలుసు!

శిక్ష పడి మాసయ్య ఆ జైలుకు వచ్చిన రోజే ఆమె సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళింది. "సార్, చనిపోయింది మా మరిది. ఇతణ్ణి నేను చూడడం పద్ధతి కాదు. ఇంకొకరిని పిలిపించండి" అని వేడుకుంది. కానీ రెండో సైకాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంది. బయటినుంచి వచ్చే డాక్టరుకు ఆ వారం వీలు పడలేదు. ఇక్కడేమో తిండి మానేసిన మాసయ్య కంబళిని పీలికలు చేసి మెడకు ముడేసుకుంటూ దొరికాడు! "ఆయన వచ్చేదాకా ప్రాణం నిలపండి మేడం, చాలు" అన్నాడు సూపరింటెండెంట్.

ఆమె వెళ్ళి అతని ఎదుట కూర్చుంది. "నేనెవరో నీకు తెలుసు. నాతో మాట్లాడడం ఇష్టం లేకుంటే బలవంతం లేదు. మాట్లాడితే మాత్రం... ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. నీ ప్రాణానికి గాని, ఇంకొకరి ప్రాణానికి గాని అపాయముంటే తప్ప." ప్రతి ఖైదీకీ మొదట చెప్పే మాటలే అవి. ఆ మాటల మీద నమ్మకంతోనే ఆ గదిలో మగవాళ్ళు పసిపిల్లల్లా ఏడుస్తారు. మాసయ్యా ఏడ్చాడు. ఆ రోజు చేనులో జరిగిందంతా చెప్పాడు... శ్రవణ్ ఊపిరి ఆగేదాకా!

లక్ష్మీదేవమ్మ ఆమె మొహంలోకి చూస్తూ హఠాత్తుగా దగ్గరికి వచ్చింది. గొంతు మారిపోయింది.

"వాడు నీకు చెప్పిండా? నా కొడుకు ఆఖరికి ఏమన్నడో చెప్పిండా? నీళ్ళడిగిండా? నన్ను పిలిచిండా? నిద్రల గూడ అదే అడుగుతున్న... చెప్పు బిడ్డా!"

శివలీల ఏమీ తెలియదని అబద్ధమాడలేకపోయింది... తెలుసనీ చెప్పలేకపోయింది!

"తెలుసు నీకు! నీ మొహంలనే ఉన్నది!" ముసలామె కూలబడిపోయింది. "కన్నతల్లికి చెప్పవా? కడుపుకోత నీకు ఎర్కలేదు గదా... నీకెందుకు తెలుస్తది!"

పిల్లల్లేని కోడలితో ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ అనని మాట! 

ఆ సాయంత్రం భర్త కురుమూర్తి పక్కన వచ్చి కూర్చున్నాడు. "లీలా, అమ్మకు ఒక్కదానికే చెప్పరాదు? జర ముసలి పానం ఊకుంటది. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది. రేపు ఇంకొకడు నా ముందల కూసుంటె, ఈ గది దాటదని ఏ మొహం పెట్టుకొని చెప్పాలె?"

"నీ నౌకరే పెద్దదా, అమ్మ పెద్దదా?"

 

ఆనాటి నుంచి లక్ష్మీదేవమ్మ కోడలు వడ్డిస్తే తినడం మానేసింది. తన అన్నం తనే వండుకుంది. బతుకమ్మ పండుగ వచ్చింది, పోయింది. గునుగు, తంగేడు పూలు ఇంటి ముందు వాడిపోయాయి గాని ఇంట్లో ఒక్క పాట వినిపించలేదు. బయటి డాక్టరు ఎప్పుడో వచ్చి మాసయ్యను తన చేతుల్లోకి తీసుకున్నాడు. శివలీల మాత్రం ఆ మాటను దించుకునే చోటు లేక మోస్తూనే ఉంది...

దసరా దాటాక ఒక రోజు కురుమూర్తి వింత సంగతి చెప్పాడు. "అమ్మ తిమ్మమ్మ ఇంటికి పోయిందంట! జైల్ల మాసయ్యను సూసే ములాఖత్‌కు నన్ను గూడ తోల్కపో అని అడిగిందంట. మాసయ్య సరే అన్నడంట!"

ములాఖత్ రోజు శివలీల సెలవు పెట్టింది. తాను లోపల ఉంటే మాసయ్య మొహమాటపడతాడని, తానే చెప్పించిందని అత్తగారు అనుమానపడుతుందని... కానీ ఇంట్లో నిలవలేకపోయింది. అత్తగారిని స్కూటర్ మీద దింపిన భర్తను పంపించేసి, జైలు గేటు బయట సిమెంటు బెంచీ మీద కూర్చుంది. 'దేవుడా, ఆ తల్లి తట్టుకుంటుందా?' అని మనసు కొట్టుకుపోతోంది.

లక్ష్మీదేవమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. వెనకే వస్తున్న తిమ్మమ్మను చేత్తోనే వద్దని ఆపింది. వచ్చి కోడలి పక్కన కూర్చుంది. 

"మాఫ్ చెయ్యమన్నడు. చెయ్యలె. నాతోని కాదు, ఎన్నటికీ కాదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అడిగిన... నా కొడుకు ఏమన్నడని. చెప్పనీకె వాని నోరు రాలె. ఒట్టు పెట్టి అడిగిన. 'అమ్మా' అన్నడనే అనుకున్న బిడ్డా! ఇన్నొద్దులు అదే అనుకొని బతికిన..."

"అత్తమ్మా..."

"అమ్మా అనలే. 'వదినా' అన్నడంట... 'మా వదినను పిలువుండ్రి' అన్నడంట! అంతే... గంతే అన్నడంట!"

శివలీల కళ్ళు మూసుకుంది.

"నీకు ఎర్కనే గదా? ఆ మాట విని గూడ వాని ముందల కూసున్నవా? నేను బాధపడ్తనని గూడ దాసినవు గదా?"

"ఆ గదిల విన్నది ఇప్పుడు గూడ చెప్పలేను అత్తమ్మా... నన్ను అడగకు."

"చెప్పకు. నేనే చెప్తున్న గదా." ముసలి చెయ్యి కోడలి వీపు మీద పడింది. "కడుపుకోత నీకు తెల్వదన్న... నా నోరు పడిపోను! వాడు చెప్తుంటె నువ్వేం జేసినవే?"

"వానికి... తాగనీకె నీళ్ళు ఇప్పించిన."

"ఏడ్వలేదా?"

"అక్కడ నేను ఏడ్వొద్దు అత్తమ్మా."

లక్ష్మీదేవమ్మ కోడలి తలను రెండు చేతులా దగ్గరికి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. గేటు దగ్గరి సెంట్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"గేటు బయటనే ఉన్నవు గదా బిడ్డా. ఏడ్వు ఇగ."