హెచ్చరిక ముందు, స్టెప్పు తర్వాత

నా ఫోన్లో ఫొటోలన్నీ పోయిన రోజే మా ఇంట్లో ఈ ప్రేమ కథ మొదలైందండీ.

మా అక్క కూతురు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ప్రోగ్రాం రాసేది వేరేవాళ్లు. దాన్ని ఎలా వాడాలో, ఏది నొక్కాక ఏది నొక్కాలో జనానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం మా పిల్ల పని. ఆ రాతకీ బోలెడు పద్ధతులుంటాయట. కొత్తది ఏదొచ్చినా ముందు నాచేత చేయించి చూస్తుంది. పదో తరగతి గట్టెక్కని మావయ్యకి అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనని దాని ధీమా.

ఆ రోజు ఇచ్చింది మాత్రం తను రాసింది కాదు. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రోగ్రామర్, ఉంగరాల జుట్టబ్బాయి, రాసింది. మూడో స్టెప్పులో ‘క్లియర్’ నొక్కమన్నాడు. నొక్కాను. దాని కింద చిన్నక్షరాలతో ‘హెచ్చరిక: మీ ఫొటోలు చెరిగిపోతాయి’ అని ఉంది.

మర్నాడు మా పిల్ల అతని దుమ్ము దులిపేసింది. గోతిలో పడ్డాక బోర్డు చూపిస్తారా అని అడిగిందట. పాపం, సాయంత్రమే మా ఇంటికొచ్చి, సోఫా అంచున కూర్చుని, సగం ఫొటోలు తిరిగి తెప్పించాడు. మిగతా సగం కోసమంటూ వారం వారం వచ్చాడు. ఫొటోలు దొరకలేదు గానీ, మా పిల్ల గది వైపు పోయే అతని చూపులు నాకు దొరికిపోయాయి.

ఆఫీసులో మాత్రం పోట్లాటే. అతను ‘ఇది చాలా సులువు’ అని రాస్తాడు, మా పిల్ల ఆ మాట కొట్టేస్తుంది. చేతకానివాళ్లు చదివితే చిన్నబుచ్చుకుంటారని దీని వాదన. ఒకరోజు విసుగొచ్చి, ఎవరూ చదవని దానికి ఇంత రాద్ధాంతం ఎందుకని అందరి ముందూ అనేశాడట. ఆ మాట దానికి గుచ్చుకుంది. వేరే ఊరి బ్రాంచికి బదిలీ అడిగేసింది. సోమవారం సంతకం పెడితే వెళ్లిపోవడమే.

ఆదివారం జోరు వాన. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. ఫొటోల కోసం కాదన్నాడు. మా పిల్ల తువ్వాలు తెచ్చింది గానీ ఇవ్వలేదు.

“ముందు హెచ్చరిక,” అన్నాడు. “ఇది విన్నాక మనం ఇదివరకటిలా ఉండలేం. వెనక్కి తీసుకోవడం కుదరదు. వద్దంటే ఇప్పుడే వెళ్లిపోతాను.”

“చదివాను. స్టెప్పు చెప్పండి.”

“ఆ రోజు నేనన్నది తప్పు, మీరంటే నాకిష్టం, బదిలీ మానేసి నన్ను పెళ్లి చేసుకోండి.”

“ఒక స్టెప్పుకి ఒక్క పనే ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను మీకు?”

అతను ఊపిరి పీల్చుకుని మొదట్నుంచీ అందుకున్నాడు. మొదటిది చెప్పాడు, తలూపింది. రెండోది చెప్పాడు, తువ్వాలు చేతికిచ్చింది. మూడోది సగంలో ఉండగానే ఆపేసింది.

“బదిలీ మానేస్తాను. మిగతా సగానికి పర్మిషన్ మా అమ్మ దగ్గరుంది.”

మా అక్క ఎప్పట్నుంచి వింటోందో, గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉంది. “దీంతో కాపురమంటే సులువనుకుంటున్నావా బాబూ?” అంది.

“ఆ మాట వాడకూడదు కదా అత్తయ్యా,” అన్నాడు జుట్టు తుడుచుకుంటూ. అత్తయ్య అనేశానని తర్వాత గానీ తెలియలేదు అతనికి.

మా అక్క నవ్వాపుకుంటూ లోపలికెళ్లి టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసింది.