ఎర్ర గీతల కరపత్రం

సంతోషకుమారి కష్టపడి టైపు చేసిన కాగితం మీద అప్పలకొండ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టేసింది. అది మూడోసారి.

"ఇదీ బాలేదా?"

"స్వలింగ సంపర్కులు అంటే పోలీసు కేసులా వుంది. మనిషిలా లేదు."

ఆ దీవిలోని అబర్డీన్ బజార్‌లో తెలుగు టైపు చేసే షాపు అదొక్కటే. చర్చి పాటలూ శుభలేఖలూ తప్ప ఎరగని సంతోషకుమారికి ఈ ఆరోగ్య కరపత్రం చావుకొచ్చింది. గే, లెస్బియన్, బైసెక్సువల్! డిక్షనరీ చూస్తే సంస్కృతం, బజార్లో అడిగితే బూతులు. పైగా కాగితం తెచ్చిన ఈ హెల్త్ వర్కర్ పిల్ల అప్పలకొండ నవ్వితే టైపులో అన్నీ తప్పులే.

"మీరే రాసివ్వండి మరి."

"నాకు తెలుగు రాయడం రాదు. మాట్లాడ్డం, కూడబలుక్కుని చదవడం, అంతే."

"తప్పులు పట్టడం మటుకు బాగా వచ్చు."

"మా అమ్మ కూతుర్ని కదా."

వారమంతా వాన. రోజూ సాయంత్రం అప్పలకొండ తడుచుకుంటూ వచ్చేది, గీత కొట్టేది, చాయ్ తాగి వెళ్ళేది.

"డ్యూటీకి ఇంత పట్టుదలేంటి?" అని ఆ రోజు సంతోషకుమారి ఆటపట్టించింది.

అప్పలకొండ నవ్వలేదు. "అమ్మ సంబంధాలు చూస్తోంది. నా సంగతి చెప్పాలి. తనకి తెలిసే మాట దొరక్క రెండేళ్ళుగా నోరు మూసుకున్నా."

సంతోషకుమారి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"నేనైతే ఐదేళ్ళు," అంది తలెత్తకుండా.

చాయ్ గ్లాసు అప్పలకొండ వైపు జరిపింది.

"నీ మనసులో ఎవరైనా వున్నారా?" అంది సంతోషకుమారి.

"వుంది. నేను కొట్టేసిందల్లా విసుక్కోకుండా మళ్ళీ టైపు చేస్తుంది."

మర్నాడు ఇద్దరూ చేపల బజారుకెళ్ళారు. అక్కడ చేపలమ్మే అప్పలకొండ తల్లి ముసలమ్మ పేరుమోసిన గట్టి మనిషి. ఇంటి మనుషులకు తప్ప కాటా వెయ్యకుండా చిన్న చేప కూడా ఇవ్వదు. పాస్టరుగారికైనా అంతే.

"దో కిలో, లేలో భయ్యా," అని ఒకడితో హిందీలో బేరం ముగించి ముసలమ్మ ఇటు తిరిగింది. సంతోషకుమారి కరపత్రం చదివింది.

"ఏటే ఈ మంత్రాలు? తెలుగులో సెప్పండి."

అప్పలకొండ ఆ కాగితం లాక్కుని మడిచేసింది. "అమ్మా, నాకు మొగోళ్ళ మీదికి మనసు పోదే. ఆడపిల్లల మీదికే పోతాది. ఇప్పుడు ఈ పిల్ల మీదికి పోయింది. సంబంధాలు సూడకు."

ముసలమ్మ కత్తి ఆగింది. సంతోషకుమారిని కిందనుంచి పైదాకా చూసింది.

"నీకో?"

"నాకూ అంతేనండి."

ముసలమ్మ వంచిన తల ఎత్తకుండా చాలాసేపు పొలుసు గీకింది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది. సంతోషకుమారికి అక్కణ్ణుంచి పారిపోదామనిపించింది.

"ఇన్నాళ్ళు నా కాడ దాసావా?" అంది ముసలమ్మ కూతురితో. "ఇప్పుడు సెప్పినావే, అదే రాయండి కాయితం మీద. నాలాటి దానికీ తెలుస్తాది."

తర్వాత పెద్ద వంజరం ఒకటి తీసింది. తూకం వెయ్యాలి కదా అని సంతోషకుమారి కాటా ముందుకు జరిపింది. ముసలమ్మ దాన్ని మోచేత్తో పక్కకి నెట్టేసి, చేపను నేరుగా ఆమె సంచిలో వేసింది.

"ఎల్లండి. పులుసు పెట్టుంచండి, నేనొచ్చేసరికి."