నడుము దగ్గర కొత్త కుట్టు

తెల్లవారేసరికి లండన్ వంతెన కింద బురదలో ఒక శవం దొరికింది. గొంతు కోసి ఉంది. డచ్చి గూఢచారుల ముఠాలో రెండేళ్లుగా వాళ్ల మనిషిలా మసలిన ఇంగ్లీషువాడు. బూటు అట్ట కింద చిన్న చీటీ.

రాజుగారి గూఢచారులకు పెద్ద అయిన క్రాలీ ఆ చీటీని హెస్టర్ ముందుకు నెట్టాడు.

"చదువు."

'ఈరోజు నాటకం. ముగింపు పద్యంలో ఆమె ఏ రోజు పేరు పలికితే, ఇంగ్లీషు యుద్ధనౌకలు మన మీదికి బయలుదేరేది ఆ రోజే.'

"ఆ తేదీ మంత్రులకి తెలుసు," అన్నాడు క్రాలీ. "రాజుగారు పక్కలో నోరు జారితే, ఆయన ఉంచుకున్న ఇద్దరు నటీమణులకీ తెలుసు. డోర్కస్, రోజమండ్. ముగింపు పద్యం డోర్కస్‌ది. రోజమండ్ కూడా పొద్దున్నే వచ్చి దాని పేరే చెప్పింది."

"రోజమండ్ మీ ఏజెంటా?"

"ఏడాదిగా."

"వాళ్లిద్దరికీ క్షణం పడదు దొరా. మొన్న జడపిన్నులతో పొడుచుకున్నారు."

"వాళ్ల తగువు తీర్చడం మన పని కాదు. డోర్కస్‌ని గదిలో పెట్టి తాళం వెయ్యి. నాటకమయ్యాక మావాళ్లు తీసుకెళ్తారు. ఆ తర్వాత ఉరే. నీకిదే ఆఖరి పని హెస్టర్, ఒట్టు."

ఆరేళ్లలో ఇది తొమ్మిదో ఒట్టు. హెస్టర్ లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. ఒకప్పుడు ఆమె కూడా రంగస్థలం మీద నవ్వి, రాజుగారి కంట్లో పడి, ఇరవై రోజులు ఆ మేడమెట్లు ఎక్కింది. ఇప్పుడు అదే నాటకశాలలో నటీమణులకు వేషాలు కడుతోంది. ఆ పని చాటున ఈ పని.

మధ్యాహ్నం మూడింటికి నాటకం మొదలైంది. నాలుగో అంకంలో డోర్కస్ పాత్ర చచ్చిపోయింది. ఇక ఆఖర్న మగవేషంలో లేచొచ్చి ముగింపు పద్యం చెప్పడమే మిగిలింది. ఆమె తెరవెనక్కి రాగానే హెస్టర్ గదిలోకి నెట్టి తాళం తిప్పింది.

"అక్కా! ఏంటిది? నా పద్యముంది!"

"నోర్ముయ్యవే. ప్రాణం కంటే పద్యం ఎక్కువా?"

"ఔను!" తలుపు మీద కాలితో తన్ను.

డోర్కస్ కనబడటం లేదని అంతా కంగారుపడుతుంటే రోజమండ్ తాపీగా వచ్చింది. "నాకొచ్చులే ఆ పద్యం. ఆ మగవేషం ఇలా తే అక్కా. దాని పీపా నడుముకి అదొకటా?"

హెస్టర్ తొడిగింది. కోటు రోజమండ్‌కి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. హెస్టర్ వేళ్లు నడుము దగ్గర ఆగాయి. నడుము సన్నం చేసిన కొత్త కుట్టు. తను వేసింది కాదు. వేషాల పెట్టె తాళంచెవి నిన్న సాయంత్రం నుంచి తన మొలలోనే ఉంది; కుట్టు పడింది అంతకు ముందే. అంటే ఈ పద్యం తనకే వస్తుందని రోజమండ్‌కి నిన్ననే తెలుసు!

తలెత్తేసరికి రోజమండ్ రంగస్థలం మీదుంది.

క్రాలీ మనుషులు వీధి గుమ్మాల దగ్గరున్నారు. కేకేస్తే, ఆ రోజు పేరు వినడానికి జనంలో కూర్చున్న డచ్చివాడు జారుకుంటాడు. హెస్టర్ నొప్పి మోకాళ్లతోనే పరుగెత్తి తాళం తీసింది.

"డోర్కస్, రోజమండ్ నీ పద్యం చెప్పేస్తోందే!"

ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"ప్రియుడా, మళ్లీ నిన్ను కలిసేది..." అని రోజమండ్ గొంతు సాగదీసింది. కవి రాసింది 'రేపు' అని. ఆమె పెదవులు మరో మాటకు విడివడుతుండగా, లోపావడాతో దూసుకొచ్చిన డోర్కస్ అరచేత్తో ఆ నోరు మూసింది.

"చచ్చింది నేనైతే నా పద్యం చదవడానికి నువ్వెవత్తివే?"

విగ్గులు ఎగిరాయి. హాలంతా గొల్లుమంది. తెర సందులోంచి హెస్టర్ ముఖాలు వెతికింది. అందరూ నవ్వుతున్నారు. ఒక్కడు మాత్రం చేతిలో పెన్సిలుతో, పాలిపోయి, రోజమండ్ నోటినే చూస్తున్నాడు. హెస్టర్ ఎర్ర రుమాలు ఊపింది. రెండు గుమ్మాల నుంచీ క్రాలీ మనుషులు వాడి మీద పడ్డారు.

క్రాలీ మనుషుల మధ్య నిలబడ్డ రోజమండ్‌ని హెస్టర్ అడిగింది, "ఎందుకే?"

"ఆ తేదీ నోరు జారిన రాత్రే ఆఖరు. రాజుగారు కబురంపి మూడు నెలలైంది అక్కా. డచ్చివాళ్లు మాత్రం వారం వారం కబురంపేవాళ్లు. ఎలా ఉన్నావని అడిగేవాళ్లు."

హెస్టర్‌కి తన ఇరవైయొకటో రోజు గుర్తొచ్చింది. ముస్తాబై, గుర్రబ్బండి కోసం కిటికీ దగ్గరే కూర్చున్న రోజు. తన శాలువా తీసి రోజమండ్ భుజాల మీద కప్పింది.

క్రాలీ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "డోర్కస్ ఏది? దేశాన్ని కాపాడిందని చెప్పొద్దూ?"

"కాస్త ఆగండి దొరా," అంది హెస్టర్ మోకాళ్లు పట్టుకుని కూలబడుతూ. "పద్యం మూడోసారి చెబుతోంది."