జెర్సీ నంబర్ల సగటు

మూడో పీరియడ్‌కి ఇంకా ఏడు నిమిషాలే ఉన్నాయి. సైలస్ రాలేదు. క్రిస్టీ క్లాస్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి, వానలో తడుస్తున్న పార్కింగ్ లాట్ వైపు పదోసారి చూసింది.

అమెరికాలో, బెంటన్‌విల్ ఊళ్ళోని ఈ హైస్కూల్లో లెక్కల టీచర్‌గా ఆమెకిది మొదటి ఏడాది. ఇవాళ ప్రిన్సిపాల్ వెనక కూర్చుని పాఠం వింటుంది. వచ్చే ఏడాది ఉద్యోగం ఉండటం, ఊడటం ఆవిడ రాసే నాలుగు ముక్కల మీదే ఉంది. స్టాటిస్టిక్స్‌తో పనిచేసేవాళ్ళనెవరినైనా క్లాసుకి పిలవమని సలహా ఇచ్చిందీ ఆవిడే. తెలుగు చర్చిలో గిటార్ వాయించే డేటా అనలిస్ట్ సైలస్‌ని క్రిస్టీ అందుకే అడిగింది. అందుకేనని తనకు తాను చెప్పుకుంది.

తలుపు తోసుకుని అతను వచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సారీ అండి. పొద్దున ఒక కాల్ వచ్చింది."

"ఇక్కడ నా ప్రాణం పోయింది. రారేమో అనుకున్నా."

అతని ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. ఏమైందని అడిగేలోపే బెల్ మోగింది.

పాఠం బాగానే మొదలైంది. మనుషుల గురించి సేకరించే ఒక్కో వివరం ఒక్కో వేరియబుల్ అన్నాడు సైలస్. కొలిచేవి, లెక్కపెట్టేవి ఒక రకం: ఎత్తు, వయసు, ఇంట్లో ఎంతమంది. గుంపులుగా విడదీసేవి ఇంకో రకం: కళ్ళ రంగు, ఇష్టమైన ఆట. బోర్డు మీద రెండు గడులు గీసి, కొలిచేవాటి గడిలో 'ఆటగాడి జెర్సీ నంబర్' అని రాసేశాడు.

అది రెండో గడిలో ఉండాల్సింది. వెనక ప్రిన్సిపాల్ పెన్ను కదిలింది.

ముందు వరసలో తన్వి చెయ్యెత్తింది. "అంకె కనిపిస్తే అక్కడ పెట్టేయడమేనా, మిస్?"

ఊరుకుంటే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. దిద్దితే, పిలవగానే వచ్చిన మనిషి అందరి ముందూ చిన్నబోతాడు.

"అది తప్పు," అంది క్రిస్టీ. అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది మాట.

సైలస్ ముఖం కందిపోయింది. రాసింది తుడిచేసి, పిల్లల వైపు తిరిగాడు.

"మీ టీచర్ కరెక్ట్. ఆరేళ్ళుగా ఇదే పని చేస్తూ కూడా తప్పు రాశాను. ఎందుకు తప్పో మీరే చెప్పండి. ఏడో నంబర్ ప్లేయర్‌కీ ఇరవై ఒకటో నంబర్ ప్లేయర్‌కీ సగటు తీస్తే ఎవరొస్తారు?"

"పద్నాలుగో నంబర్. వాడికి అసలు ఆడటమే రాదు," అన్నారెవరో. క్లాసంతా గొల్లుమంది.

ఆ సగటుకి అర్థమే లేదనీ, జెర్సీ మీది అంకె పేరులాంటిదేననీ తన్వి తేల్చేసింది. ఫోన్ నంబర్, లాకర్ నంబర్ అంటూ పిల్లలే రెండో గడి నింపేశారు.

"ఈ పాఠం వీళ్ళు మర్చిపోరు," అని ప్రిన్సిపాల్ వెళ్తూ వెళ్తూ అంది. క్రిస్టీ ఊపిరి పీల్చుకుని చూసేసరికి సైలస్ లేడు.

లంచ్ బ్రేక్. గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తింది. అతను కార్లో కూర్చుని ఉన్నాడు, స్టార్ట్ చెయ్యకుండా. ఆమె పక్క సీట్లోకి ఎక్కింది.

"కోపమొచ్చిందా?"

"లేదండి. పొద్దున కాల్ మా మేనేజర్‌ది. నా జాబ్ పోయింది. నా వీసాకి అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. బోర్డు మీద ఏం రాస్తున్నానో నాకే తెలీలేదు."

క్రిస్టీ అతని వైపు తిరిగింది. "మరెందుకొచ్చారు? ఫోన్ చేసి రాలేనంటే అయిపోయేదిగా."

"మీ జాబ్ ఇవాళ్టి క్లాస్ మీదే ఉందన్నారు కదా. ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పుడు చెప్పకూడదు. ఎక్కడుంటానో తెలీనివాణ్ణి, ఏమని మాటివ్వను?"

"మాట ఇవ్వమనలేదు. కారణం చెప్పమంటున్నా."

"ఏడాదిగా మీరు చర్చికి వచ్చారో లేదో చూసుకున్నాకే గిటార్ ముట్టుకుంటున్నాను."

అద్దాల మీద వాన చప్పుడు పెరిగింది. క్రిస్టీ ఫోన్ తీసి, తండ్రికి కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"డాడీ, ఆదివారం లంచ్‌కి సైలస్ గారు వస్తున్నారు."

"గిటార్ అబ్బాయా?" అన్నాడు రత్నరాజు. కూతురి గొంతులో ఏం విన్నాడో, "ఉద్యోగం ఎక్కడ?" అని అడిగాడు.

సైలస్ కళ్ళు మూసుకున్నాడు.

"వెతుక్కుంటున్నారు, డాడీ."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఇక్కడికొచ్చిన రెండో ఏడు నేనూ వెతుక్కున్నాను," అన్నాడు రత్నరాజు. "రెజ్యూమె తెమ్మను. మీ అమ్మని చేపల పులుసు చెయ్యమంటా."

ఫోన్ పెట్టేసింది.

"నన్ను అడగనేలేదు మీరు," అన్నాడు సైలస్.

"ఇప్పుడడుగుతున్నా. వస్తారా?"

అతను తలూపాడు. అరవై రోజులు అలాగే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు, పెరగలేదు. క్రిస్టీ అతని చెయ్యి పట్టుకుంది. ఎవరూ వదల్లేదు.