పదహారు ప్లస్ చిట్టమ్మ

“ఇరవై మూడు నిమిషాల ఎపిసోడ్‌లో మీ మామ్మగారు పంతొమ్మిది నిమిషాలు చుట్ట కాలుస్తూనే ఉన్నారు,” అంది దీనా, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

“అది అడ్డపొగండీ. నిప్పు నోట్లోనే ఉంటాది. బయటికి కనపడని నిప్పుని సూసి పిల్లలేటి నేర్సుకుంటారు?” అన్నాడు సుమంత్.

దీనాకి నవ్వొచ్చింది. ఆఫీసర్ కుర్చీలో కూర్చుని నవ్వితే బాగోదని దగ్గింది.

విషయం ఇది. పూర్ణా మార్కెట్‌లో నలభై ఏళ్లుగా ఎండుచేపలు అమ్మే చిట్టమ్మ మీద ప్రభుత్వ టీవీ వాళ్లు ఓ ఎపిసోడ్ తీసి తమ యాప్‌లో పెట్టారు. పొగాకు కనబడిందని పక్కనే ‘16+’ ముద్ర కొట్టారు. మార్కెట్టంతా ఆవిణ్ణి ఆటపట్టించింది. “పదారేళ్ల లోపోళ్లు సూడకూడదంట! నానేటి బూతు సినిమాలో యాక్ట్ సేసానా?” అని ఆవిడ చేపలబుట్ట మూలకి గిరాటేసి ఇంట్లో కూర్చుంది. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే మనవడు సుమంత్ ఊరుకోలేక విశాఖ ఆఫీసుకి ఫిర్యాదు పట్టుకొచ్చాడు. ఆ యాప్ మీద వచ్చే ఫిర్యాదులు వినేది దీనా. పదిహేను రోజుల్లో తేల్చాలి.

“ఆధారాలు కావాలి,” అంది.

అంతే, బాబుకి రోజుకో ఆధారం దొరికింది. ఒకరోజు మామ్మ ఫొటో, ఒకరోజు మార్కెట్ వాళ్ల సంతకాలు. అన్నీ కలిపి ఒక్క కవర్లో పంపేయొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

ఆరో రోజు వాన. చొక్కా మొత్తం తడిసినా, ముంతమసాలా పొట్లాన్ని మాత్రం తడవకుండా తెచ్చాడు.

“ఫిర్యాదు చేసినవాళ్ల దగ్గర నేను మంచినీళ్లు కూడా తీసుకోకూడదు,” అంది దీనా.

“ఐతే సూత్తా కూకోండి,” అని ఎదురుగా కూర్చుని మొత్తం తినేశాడు. దీనా చివరిదాకా చూసింది, పొట్లాన్ని మాత్రం కాదు.

పన్నెండో రోజు ఓ కాగితం తెచ్చాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు.

“ఇంక నాకూ మీకూ ఫిర్యాదు సంబంధం లేదండి. రేపు బీచ్‌కి వత్తారా?”

దీనాకి ఒళ్లు మండిపోయింది. “మీ మామ్మ బుట్ట ముట్టట్లేదని మీరేగా చెప్పారు? నాతో బీచ్‌కి వెళ్లడానికి ఆవిడ పరువు వదిలేస్తారా? అలాంటి మనిషితో నేనెక్కడికీ రాను.” ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

సుమంత్ ఇంటిదాకా తనని తానే తిట్టుకుంటూ వెళ్లాడు.

పదిహేనో రోజు మామ్మని వెంటబెట్టుకుని విచారణకి వచ్చాడు. దీనా కుర్చీలో ఆమె పై అధికారి సుందర్ రాజ్ కూర్చుని ఉన్నాడు.

సుందర్ రాజ్ కళ్లజోడు సర్దుకుని ఓ కాగితం చదివాడు. “‘ఈ విచారణ నుంచి తప్పుకుంటున్నాను. ఫిర్యాదుదారు సుమంత్ పట్ల నాకు వ్యక్తిగతంగా అభిమానం ఏర్పడింది. కాబట్టి నేను తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇట్లు, దీనా.’ ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కారణం నేను చదవలేదయ్యా.”

తర్వాత ఆయన ఎపిసోడ్ మొత్తం చూశాడు. ఇందులో ఎవర్నీ పొగ తాగమనలేదు, ఒక మనిషి బతుకు చూపించారంతే అన్నాడు. తెర మీద పొగాకు హెచ్చరిక వేసి, ఏడేళ్ల పిల్లలు కూడా చూసేలా ‘7+’కి మార్చమని రాశాడు.

సుమంత్ థాంక్స్ చెప్పేలోపే చిట్టమ్మ వరండాలోకి చేరిపోయింది. అక్కడ దీనా వాన చూస్తున్నట్టు నటిస్తోంది.

“ఏమ్మా, మావోడంటే అభిమానమని కాయితం మీద రాసేసినావంట. నోటితో సెప్పడానికేటి?”

“కేసు తేలకుండా చెప్పకూడదు మామ్మగారూ.”

“తేలిపోనాది. సెప్పు.”

దీనా, వెనకాలే వచ్చిన సుమంత్ వైపు తిరిగింది. “ఇష్టం,” అంది. “చాలా ఇష్టం. కానీ ఇంకెప్పుడూ మామ్మ పరువు పక్కన పెట్టి నా దగ్గరికి రాకండి.”

“రానండి,” అన్నాడు సుమంత్.

“ఇంకా ‘అండి’ ఏటిరా?” అని చిట్టమ్మ మనవడి వీపు మీద ఒక్కటి వేసి, దీనా చెయ్యి తీసి వాడి చేతిలో పెట్టింది.