కోటగోడలో చూలాలు

అమావాస్య మిట్టమధ్యాహ్నం... సూర్యుడు నడినెత్తిన మండాల్సిన వేళ, ఆనేకల్ దాటాక ఉన్న ఆ శిథిల దుర్గం మీద కాటుక మేఘాలు కమ్ముకున్నాయి! బురుజు తొర్రలో గుడ్లగూబ పట్టపగలే కూసింది. దూరాన ఉరుము...

"పొద్దున లాల్‌బాగ్ బండ ఎక్కించి మోకాళ్ళు విరగ్గొట్టారు. ఇప్పుడు నేలమాళిగా?" అంటూనే ప్రేమకుమారి మెట్లు దిగింది. ఆమె బొమ్మనహళ్ళిలో నర్సు.

"ఈ ఒక్కటే మిగిలిందిలే. సాయంత్రం మసాలదోసె ఇప్పిస్తాగా," అన్నాడు భర్త ఏలియా.

వాళ్ళ వెనకే కూతురు రాచెల్. పదిహేనేళ్ళొచ్చినా పరాయివాళ్ళ ముందు నోరు పెగలని పిల్ల.

లాంతరు పట్టుకుని ముందు నడుస్తున్న ముసలివాడు సొన్నప్ప. వచ్చినవాళ్ళకు కోట చూపించడం అతని పని. ఒక గోడ ముందు ఆగాడు.

"ఎన్నితూర్లు కట్టినా ఈ గోడ నిలబడలేదంటప్పా. కడుపుతో ఉండే కోడల్ని లోపల నిలబెట్టి గోడ కట్టేసినారు. ఆ పొద్దే పుట్టింటోళ్ళు ఒడిబియ్యం ఎత్తుకోని వచ్చినారు. ఏముండాది? గోడ ఉండాది!"

రాచెల్ భుజానికున్న సంచిని దగ్గరికి హత్తుకుంది.

సొన్నప్ప గూటిలోంచి, గుడ్డ కప్పిన పాత్ర తీశాడు. "ముత్తైదువ ఒట్టి ఒడితో పోకూడదమ్మా. కొంగు పట్టు."

"మేం చర్చికి పోయేవాళ్ళమయ్యా..."

"పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకు ప్రేమా? పట్టు," అన్నాడు ఏలియా.

మొహమాటం! ఎవరినీ కాదనలేని ఆ మొహమాటమే ఉరితాడైంది. ఆమె కొంగు చాచింది. నెత్తుటిలో తడిసిన బియ్యం జలజలా రాలాయి. గుడ్డ జారిపోయింది... అది పాత్ర కాదు... కపాలం!

ఢాం! మెట్ల మీద బండ మూసుకుంది.

ప్రేమకుమారి కనుగుడ్లు పైకి తేలిపోయాయి. జుట్టు విరబోసుకుంది. ఆమె కంఠంలోంచి ఆమెది కాని కేక!

"వచ్చినావా చూలాలా!" సొన్నప్ప వికటాట్టహాసం చేశాడు. "ఇన్నేండ్లూ నీకు ఒళ్ళు లేదు. ఇదో ఒళ్ళు! ఈ ఒడి ముడేస్తే నువ్వు నా దాసివి. ఈ ఆడది ఇంక తిరిగి రాదు!"

ఏలియా బండను భుజంతో మోదాడు. కదల్లేదు. గోళ్ళు ఊడి నెత్తురు కారుతున్నా గీరుతూనే ఉన్నాడు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు... దారి లేదు!

సొన్నప్ప చేతులు కొంగు అంచుల మీద పడ్డాయి...

రాచెల్ భుజానికి సంచి బరువుగా తగిలింది. ప్రతిపూటా ఎసట్లో పోసేముందు అమ్మ దేవుడికని పిడికెడేసి తీసి కూడబెట్టిన బియ్యం! తిరుగుదారిలో చర్చిలో ఇవ్వాలని తెచ్చినవి.

ఆ చూలాలు ఎదురుచూసింది ఈ మంత్రగాడి కోసం కాదు... పుట్టింటివాళ్ళ కోసం!

రాచెల్ ఒక్క ఉదుటున దూకి, కొంగు లాగి, నెత్తుటి బియ్యం నేలకు దులిపేసింది. సంచి విప్పి అమ్మ ఒడిలో కుమ్మరించింది.

"అక్కా! నీ పుట్టింటి నుంచి వచ్చినాం! మా అమ్మ పొయ్యికాడ తీసిన బియ్యం ఇవి. ఒడి పట్టుకో... మా అమ్మను మాకిచ్చెయ్!"

ఉరుము మధ్యలోనే ఆగిపోయింది. ప్రేమకుమారి పెదవులు వణికాయి.

"ఇంత ఆలస్యమా చెల్లీ..." ఆ పరాయి గొంతు పసిపిల్లలా వెక్కింది.

తర్వాత ఆ చూపు సొన్నప్ప వైపు తిరిగింది. నిప్పుకణికల్లాంటి చూపు!

"నువ్వూ నన్ను కట్టేసేవాడివేనా?"

కపాలం పిండైంది! గోడ నిలువునా చీలి చీకటి నోరు తెరిచింది. "వద్దు తల్లీ! తప్పయిపోయింది!" మంత్రం నాలుక మీదే చచ్చిపోయింది. గోడ అతన్ని నడుం దాకా, గొంతు దాకా మింగి... మూసుకుంది. గీతయినా మిగల్లేదు.

బండ దానంతటదే పక్కకు జరిగింది. వెలుతురులో, ఏలియా చేతుల్లో, ప్రేమకుమారి కళ్ళు తెరిచింది. కాసేపటికి లేచి రెండు మెట్లెక్కి ఆగింది.

"ఏమండీ, గోడ లోపల ఎవరో తడుతున్నారు. పాపం, ఊపిరాడటం లేదేమో..."

ఏలియా కూతురి వైపు చూశాడు.

"ఎవరూ లేరమ్మా. పైకి నడు," అంది రాచెల్.

వెనక చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.