మూల మడిలో గుంట

ఆ కాలేజీ భవనం నడిమధ్యన, నాలుగు వైపులా తరగతి గదులున్న పెరట్లో, మూడు వందల ఏళ్ల నాటి మందుమొక్కల తోట ఉంది. దాన్ని చూసుకునే తోటమాలి ఒకావిడ. పదహారేళ్లలో ఒక్క ఆకైనా ఇంటికి పట్టుకెళ్లిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం మాత్రం గునపం పట్టుకుని దొంగలా మూల మడి దగ్గర కూర్చుంది. ఏం చేస్తుంది మరి! ఎనిమిదేళ్ల కూతురు నాలుగు రోజులుగా జ్వరంతో కళ్లు తెరవలేదు. డాక్టరు పెదవి విరిచేశాడు. కన్నపేగు ఊరుకుంటుందా?

ఈ మడిలో వేరు ఎంతటి జ్వరాన్నైనా దించుతుందని తనకు పని నేర్పిన ముసలాయన చెప్పేవాడు. చెప్పి, వెంటనే వేలు చూపించి హెచ్చరించేవాడు.

"వేరు తీసిన గుంటలో అప్పటికప్పుడే నారుమొక్క పెట్టాలమ్మాయ్. ఖాళీగా వదిలావో, తనకు కావలసింది అదే చూసుకుంటుంది."

వేరు ఊడి వచ్చింది. సరిగ్గా అప్పుడే గేటు మూసే గంట మోగింది. ఆవిడ ఆదరాబాదరాగా వేరు కొంగున కట్టుకుని పరుగెత్తింది. మొక్క సంగతే మరిచిపోయింది.

వరండా మెట్టెక్కుతుంటే వెనకాల మట్టి తవ్వుతున్న చప్పుడు.

తిరిగి చూసింది. ఎవరూ లేరు.

జానెడు గుంట... మూరెడయింది. అందులోంచి తడి మట్టి వాసన, దాంతోపాటు కూతురి తలనూనె వాసన.

"అయ్యో, నా మతి మండా!" అంటూ వెనక్కి ఉరికింది. పక్క మడిలోంచి నారుమొక్కలు పీకి గుచ్చింది. మునిగిపోయాయి. దోసిళ్లతో మట్టి పోసింది. గోళ్లు చీలి నెత్తురు కారింది. గుంట నిండలేదు. సాగుతూనే ఉంది...

ఆగింది.

సరిగ్గా కూతురి పొడవు.

"వద్దు... దాన్ని వదిలెయ్. నేనొస్తా," అని గొణుగుతూ ఆవిడ గుంటలో దిగి పడుకుంది. కాళ్లు బయటే ఉండిపోయాయి. పట్టలేదు. బావురుమంది.

ఫోను మోగింది. భర్త. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

"ఏమే! చిన్నది లేచి కూర్చుంది! ఒళ్లు చల్లబడింది!"

ఇంకా మందే ఇవ్వలేదు కదా... అయినా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమంటోందండీ?"

"ఏదో పిచ్చి మాట. కళ్లు మూసుకునే అంటోంది."

"ఏమని?"

"'అమ్మను కాళ్లు ముడుచుకోమను నాన్నా... సరిపోతుంది' అని."